వార్తలు మానేయాలా, తగ్గించాలా, దారి మార్చాలా? మనసు కాపాడుకోవడానికి ఐదు మార్గాల పోలిక

2025 జనవరి 8 రాత్రి మా అత్తమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తిరుపతి బైరాగిపట్టెడ దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. మా ఇంటికి అది నడిచి వెళ్లేంత దూరం. టీవీలో ఒకటే ముక్క, అర నిమిషం కూడా ఉండదు, దాన్నే మళ్లీ మళ్లీ వేస్తున్నారు. పదకొండు దాటాక అత్తమ్మ నన్ను పిలిచి, "ఇంకా పడిపోతానే ఉండారు కదమ్మా, ఎవురూ ఆపరా?" అంది. ఆమెకు డెబ్బై ఆరేళ్లు. వేసిందే వేస్తున్నారని ఆమెకు తెలియలేదు. వేసిన ప్రతిసారీ కొత్తగా జరుగుతోందనుకుంది.

ఆ తర్వాత వారం రోజులు ఆమెకు నిద్ర లేదు. నేను తొందరపడి కేబుల్ తీయించేశాను. అది తప్పని రెండు రోజుల్లోనే తెలిసింది. ఆమె పక్కింటికి వెళ్లి అదే చూసి, అక్కడి మాటలు కూడా మోసుకొచ్చి ఇంకా భయపడింది. అప్పటి నుంచి మా ఇంట్లో, మా బడిలో ఒక్కో పద్ధతీ పెట్టి చూస్తూ వచ్చాను. నేను డాక్టర్ని కాదు, హైస్కూల్లో సైన్స్ చెప్పే టీచర్ని. "వార్తలు చూస్తే టెన్షన్, చూడకపోతే ఇంకా టెన్షన్, ఏం చేయాలి?" అని అడిగేవాళ్లకు చెప్పేది ఇదే: వార్తను ఆపే ముందు వీడియోను ఆపండి. ఎందుకలా అంటున్నానో, అది ఎవరికి సరిపడదో కింద రాస్తున్నాను.

## ముందు ఏం చూసుకోవాలి

ఏ మార్గమైనా నాలుగు ప్రశ్నలు వేసుకుని ఎంచుకోండి.

మొదటిది, నాకు పనికొచ్చే వార్త నాకు అందుతుందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. 2021 నవంబర్ వానల్లో రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట లీకైంది. కింది ఊళ్లను ఖాళీ చేయించారు. మా తమ్ముడిది ఆ వైపు ఊరే. ఆ రోజు నా ఫోన్‌కు రెండు రకాల కబుర్లు వచ్చాయి. ఒకటి, "కట్ట తెగింది" అంటూ ఎక్కడివో నీళ్లు ఉరికే వీడియోలు, ఒకదాని వెనక ఒకటి. రెండోది, తమ్ముడి ఫోను: "కట్ట తెగలేదక్కా. ఇసుక మూటలేస్తా ఉండారు. ఊరు కాళీ చెయ్యమన్నారు, పిల్లోల్లని తీసుకోని మీ ఇంటికొచ్చేస్తా ఉండాం." ఆ ఫోను రాగానే నేను బియ్యం ఎక్కువ కడిగి ఎసట్లో పోశాను, మిద్దె మీద గది ఊడ్చాను. వీడియోలు చూసి నేను చేసిన పని ఒక్కటీ లేదు, గుండె దడ తప్ప. చివరికి కట్ట నిలిచింది. అప్పటి నుంచి ఏ వార్త వచ్చినా నాకు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: దీని వల్ల ఈ రోజు నేను ఏమైనా చేయాలా? చేయాల్సింది ఉంటే అది నాకు అందాలి. లేకపోతే అది రేపు పొద్దున దాకా ఆగొచ్చు.

రెండోది, ఫలితం ఎప్పటికి కనిపిస్తుంది? ఈ రాత్రికే నిద్ర కావాల్సినవాళ్లు ఉంటారు, నెల రోజులు ఓపిక పట్టగలిగినవాళ్లూ ఉంటారు.

మూడోది, నెల దాటాక కూడా నిలుస్తుందా? నాలుగోది, ఇంట్లో మిగతావాళ్లకు పొసుగుతుందా? మన ఇళ్లలో టీవీ ఒక మనిషిది కాదు. మామయ్యకు డిబేట్ కావాలి, అత్తమ్మకు సీరియల్ కావాలి, పిల్లలకు క్రికెట్ కావాలి. ఒక్కరి ఆరోగ్యం కోసం అందరి టీవీ కట్టేస్తే ఇంట్లో కొత్త గొడవ మొదలవుతుంది.

## వీడియో గురించి ఎందుకింత పట్టు

2013లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవాళ్లను, పేలుడు చోట స్వయంగా ఉన్నవాళ్లను పోల్చి అక్కడి పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. ఆ చోట ఉన్నవాళ్లకన్నా అదే పనిగా వార్తలు చూసినవాళ్లలో తీవ్రమైన ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేకపోయాను. అత్తమ్మను చూశాక నమ్మాను. ఘోరం ఒక్కసారి జరుగుతుంది. తెర మీద మాత్రం రోజంతా జరుగుతూనే ఉంటుంది. చూసేది కూర్చున్న చోటనే కాబట్టి ఒంటికి పరిగెత్తే పనీ ఉండదు, సాయం చేసే పనీ ఉండదు. దడ లోపలే ఉండిపోతుంది.

## ఐదు మార్గాలు ఒక చూపులో

| మార్గం | పనికొచ్చే వార్త | ఫలితం | నెల దాటి | ఇంటికి |
|---|---|---|---|---|
| పూర్తిగా మానేయడం | తప్పిపోవచ్చు | రెండు మూడు రోజుల్లో | కష్టం | ఒంటరిగా ఉండేవాళ్లకు నయం |
| టైమ్ పెట్టుకోవడం | అందుతుంది | వారం, పది రోజులు | మనిషిని బట్టి | పర్వాలేదు |
| దారి మార్చడం: చూడటం బదులు చదవడం, వినడం | అందుతుంది | మొదటి రాత్రి నుంచే కొంత | బాగా నిలుస్తుంది | బాగా పొసుగుతుంది |
| ఒంటికి పని చెప్పడం | దీనికి సంబంధం లేదు | నిద్ర మీద త్వరగా | అలవాటైతే నిలుస్తుంది | ఎవరికి వారే |
| మనిషితో మాట్లాడటం | దీనికి సంబంధం లేదు | మాట్లాడిన రోజే కొంత | అవసరమున్నంత కాలం | ఇంటివాళ్లు ఒప్పుకోవాలి |

ఈ పట్టికలో ఒకే వరస ఎంచుకుని మిగతావి వదిలేయమని కాదు. మొదటి మూడూ వార్తను ఇంట్లోకి ఎలా రానివ్వాలనే దాని గురించి. చివరి రెండూ ఇప్పటికే లోపలికి వచ్చేసిన దాన్ని ఏం చేయాలనే దాని గురించి. పై మూడింట్లో ఒకటి, కింది రెండింట్లో ఒకటి తీసుకుంటే చాలామందికి సరిపోతుంది.

## 1. పూర్తిగా మానేయడం

దీనికి ఉన్న బలం చెప్పాలి. ఇంట్లో చావు జరిగినవాళ్లు, ప్రమాదం నుంచి బయటపడినవాళ్లు, కాన్పు అయి నెల కూడా కానివాళ్లు, ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు కొన్ని వారాలు వార్తలు పూర్తిగా మానేయడం మంచిది. వాళ్లకు ఇంటివాళ్లే వార్తాపత్రిక కావాలి. చెప్పాల్సింది ఉంటే ఇంటివాళ్లే నోటితో చెబుతారు.

మిగతావాళ్లకు ఇది నిలవదు. టీ కొట్టు దగ్గర, ఆర్టీసీ బస్సులో, పెళ్లిలో ఎవరో ఒకరు చెబుతారు. సగం విన్నదాన్ని మనసు పూర్తి చేసుకుంటుంది, అది అసలు వార్తకన్నా పెద్దదవుతుంది. అత్తమ్మ విషయంలో జరిగింది అదే.

అయినా ఇదే కావాలనుకుంటే ఒక ఏర్పాటు చేసుకోండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల 'సచేత్' యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. మీరున్న చోటికి వాన, పిడుగు, వరద హెచ్చరికలు ఉంటే అందులో వస్తాయి. మన జిల్లాలకు నవంబర్, డిసెంబర్ నెలల్లో ఇది అవసరం. వార్తలు మానేసినా హెచ్చరిక మాత్రం మానకూడదు.

## 2. టైమ్ పెట్టుకోవడం

రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున. పొద్దున టిఫిన్ అయ్యాక ఒకసారి, సాయంత్రం ఆరు, ఏడు మధ్య ఒకసారి. లేచీ లేవగానే వద్దు, పడుకునే ముందు అసలే వద్దు.

2018లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 143 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోదాన్ని రోజుకు పది నిమిషాలకు మించి చూడకుండా మూడు వారాలు ఉన్నారు. వాళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. పూర్తిగా మానేయకుండానే తగ్గాయన్నది ఇందులో గమనించాల్సిన సంగతి.

నా అనుభవంలో దీని బలహీనత ఒక్కటే. మామూలు రోజుల్లో పనిచేస్తుంది, పెద్ద సంఘటన జరిగిన రోజు చెదిరిపోతుంది. ఆ రోజే కదా అది కావాల్సింది. నిజంగా క్రమశిక్షణ ఉన్నవాళ్లకు, ఆఫీసు వేళలు ఉన్నవాళ్లకు ఇది చాలు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌కు టైమర్ పెట్టుకునే సౌకర్యం ఉంటుంది, సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని చూడండి.

## 3. దారి మార్చడం

నేను ఎక్కువమందికి చెప్పేది ఇది. వార్త కావాలి, కానీ కదిలే బొమ్మగా వద్దు. చదవండి, లేదా వినండి.

పేపర్‌కు చివరి పేజీ ఉంటుంది. అది చదివేశాక వార్తలు అయిపోయాయని మనసుకు తెలుస్తుంది. ఫోన్‌కు చివరి పేజీ లేదు. పేపర్లో ఫొటో ఉంటుంది కానీ అది కదలదు, అరవదు. పైగా రాత్రి జరిగిన దాన్ని పొద్దునకల్లా ఎవరో ఒకరు సరిచూసి రాస్తారు. మొదటి గంటలో తిరిగే పుకార్లలో చాలా భాగం అప్పటికి రాలిపోతుంది. ఖర్చు నెలకు రెండు మూడు వందల రూపాయలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. జిల్లా పేజీల్లో ప్రమాదాలు, హత్యలు వరసగా ఉంటాయి. దిగులు ఎక్కువగా ఉన్నవాళ్లు ఆ పేజీలు వదిలేయండి.

వినడమంటే ఆకాశవాణి. పొద్దున 6:45కు ప్రాంతీయ వార్తలు వస్తాయి. పది నిమిషాల్లో అయిపోతాయి, అరుపులు ఉండవు. మా అత్తమ్మకు చివరికి కుదిరింది ఇదే. పాత ఫిలిప్స్ రేడియో బాగు చేయించి వంటింటి గూట్లో పెట్టాను. కాఫీ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చుని వింటుంది. అయిపోగానే తానే లేచి రేడియో కట్టేసి, కల్లాపికి నీళ్లు పట్టుకుంటుంది. కేబుల్ మళ్లీ పెట్టించాం. సీరియల్ చూస్తుంది, న్యూస్ చానల్ మాత్రం తనకు తానే మానుకుంది. బలవంతంగా తీసేసినప్పుడు కానిది, ఇంకోటి ఇచ్చాక అయింది.

ఇక వాట్సాప్. బాధంతా ఎక్కువగా వచ్చేది ఇక్కడే. మూడు పనులు చేయండి, పది నిమిషాలు పట్టదు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి మీడియా ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోలు, ఫొటోలు అన్నీ తీసేయండి. అప్పుడు మీరు నొక్కితే తప్ప ఏదీ తెరుచుకోదు. రెండోది, అపార్ట్‌మెంట్ గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, బంధువుల గ్రూపు లాంటివాటిని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పెట్టండి. గ్రూపు నుంచి బయటికి వస్తే బంధువులు బాధపడతారు, ఆర్కైవ్‌లో పెడితే ఎవరికీ తెలియదు. మూడోది, మెసేజ్ పైన రెండు బాణాలతో "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అన్న గుర్తు ఉంటే దాన్ని తెరవకండి, ఇంకొకరికి పంపకండి. ఆ గుర్తు ఉందంటే అది మీ దాకా వచ్చేలోపు కనీసం అయిదు చేతులు మారిందని. అలాంటి మెసేజ్‌ను ఒకసారి ఒక్కరికే పంపగలిగేలా 2020లో వాట్సాప్ కట్టడి పెట్టింది కూడా అందుకే.

దీనిలో లోటు ఏమిటంటే, వార్త కొంచెం ఆలస్యంగా అందుతుంది. ఆ ఆలస్యాన్ని భరించలేని ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి. వాళ్ల గురించి కింద రాశాను.

## 4. ఒంటికి పని చెప్పడం

భయం వేసినప్పుడు ఒంట్లో గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. అది కదలడానికి సిద్ధమైన ఒళ్లు. దాన్ని కదిలిస్తే దిగుతుంది, సోఫాలో కూర్చోబెడితే దిగదు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట నడక అన్నమాట. తిరుపతిలో యూనివర్సిటీ ఆవరణ, ప్రకాశం పార్కు ఉన్నాయి. ఏదీ కుదరకపోతే మిద్దె మీద నడవండి.

మనూళ్లో "మనసు బాలేకపోతే కొండెక్కు" అనేవాళ్లు ఎక్కువ. నేనూ ఎక్కుతాను. అలిపిరి దారి దాదాపు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దాదాపు 2,388 మెట్లు. శ్రీవారి మెట్టు దూరం తక్కువే కానీ నిటారుగా ఉంటుంది. రెండు మూడు నెలలకొకసారి ఎక్కితే ఎంతో ఊరట, కానీ రోజూ వచ్చే టెన్షన్‌కు రోజూ చేయగలిగేది కావాలి. బీపీ, గుండె జబ్బు, ఆయాసం, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా మెట్లెక్కకండి. నడిచేటప్పుడు చెవిలో డిబేట్ పెట్టుకుంటే నడక ఒంటికి మాత్రమే మిగులుతుంది.

ఇది ఒక్కటే చాలదు. గంట నడిచి వచ్చి మూడు గంటలు క్లిప్పులు చూసేవాళ్లు నాకు తెలుసు.

## 5. మనిషితో మాట్లాడటం

ఇందులో రెండు రకాలున్నాయి, తేడా తెలుసుకోవాలి. అరుగు మీద నలుగురు కూర్చుని "అట్ల పడినారంట, ఇట్ల తొక్కినారంట" అని మళ్లీ మళ్లీ చెప్పుకోవడం కూడా టీవీ రీప్లే లాంటిదే. లేచాక బరువు పెరుగుతుంది. "నాకు రాత్రి నిద్ర పట్టలేదు, అదే కళ్ల ముందు తిరుగుతోంది" అని ఒకరికి చెప్పుకుంటే బరువు తగ్గుతుంది. మొదటిది సంఘటన గురించి, రెండోది మీ గురించి.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి కుదరకపోతే, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంటే, పని మీద ధ్యాస నిలవకపోతే పై నాలుగు మార్గాలతో సరిపెట్టుకోకండి. ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. కౌన్సెలర్ వింటారు, అవసరమైతే డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్లాలో చెబుతారు. తిరుపతిలో రుయా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, ఆ నిమిషమే 14416కు ఫోన్ చేయండి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి.

"పిచ్చి డాక్టర్ దగ్గరికా?" అని ఇంట్లోవాళ్లు అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. షుగర్‌కు డాక్టర్ దగ్గరికి పోయినట్టే ఇదీ అని చెప్పి తీసుకుపోయాను. మామయ్యకు మూడు నెలలు పట్టింది ఒప్పుకోవడానికి.

## ఎవరికి ఏది

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే: మూడోది, రేడియోతో. టీవీ పెట్టాల్సి వస్తే పక్కన కూర్చుని "ఇది పొద్దునదే అత్తమ్మా, మళ్లీ వేస్తున్నారు" అని చెప్పండి. వాళ్లకు ఆ ఒక్క మాట చాలా పెద్ద ఊరట.

కువైట్‌లోనో, అమెరికాలోనో మనవాళ్లు ఉంటే: అక్కడ ఏదైనా జరిగిన రోజు మానేయమని నేను చెప్పను, చెప్పినా మీరు ఆగలేరు. 2024 జూన్‌లో కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడినప్పుడు మన వైపు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలగలేదు. ముందే ఒక మాట అనుకోండి: ఏం జరిగినా వాడు చేయాల్సింది "బాగున్నా" అని ఒక్క మెసేజ్. అతని రూమ్మేటువి, పనిచేసే చోటువి నంబర్లు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఆ నంబర్లకు ఫోన్ చేయండి, టీవీని అడగకండి.

పోలీసు, నర్సు, 108 సిబ్బంది, విలేకరి, పారిశుద్ధ్య కార్మికులు: మీకు ఇది తెర మీద కనిపించేది కాదు, ముందర జరిగేది. మొదటి మూడు మార్గాలు డ్యూటీలో కుదరవు. డ్యూటీ దిగాక మాత్రం అదే సంఘటన మళ్లీ ఫోన్‌లో చూడకండి. డ్యూటీ గ్రూపులు ఒక ఫోన్‌లో, ఇల్లు ఒక ఫోన్‌లో పెట్టుకోగలిగితే పెట్టుకోండి. అయిదోది మీకు అందరికన్నా ముందు కావాలి.

గ్రూప్స్, డీఎస్సీ చదివేవాళ్లు: కరెంట్ అఫైర్స్ పేరుతో గంటల తరబడి న్యూస్ చూడటం చదువు కాదు. పేపర్, నెలవారీ పత్రిక చాలు. రెండోది, నాలుగోది కలిపి పెట్టుకోండి.

పిల్లలు: 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ వారం మా ఆరో తరగతిలో ఒక అమ్మాయి చీకటి పడితే ఇంటి వెనక బాత్రూమ్‌కు వెళ్లడం లేదని వాళ్లమ్మ వచ్చి చెప్పింది. అన్న ఫోన్‌లో చిరుత వీడియోలు చూసిందట. "ఏం కాదులే, భయపడకు" అని అప్పటికే ఇంట్లో అందరూ చెప్పారు. నేను ఏం చూసిందో అడిగాను. చెప్పనిచ్చాను. బోన్లు పెట్టారని, మధ్యాహ్నం 2 దాటితే చిన్నపిల్లలను ఆ దారిలో పంపడం లేదని, జనాన్ని గుంపులుగా పంపుతున్నారని చెప్పాను. మీ ఇల్లు అడవికి ఎంత దూరమో బోర్డు మీద గీయమన్నాను. సుద్దముక్కతో బజారు, రైల్వే గేటు, బస్టాండు, వాళ్ల వీధి అన్నీ గీసింది. బోర్డు చివర కొండ గీయడానికి చోటు చాలలేదు. ఆ రాత్రి నుంచి లైటు వేసుకుని తానే వెళ్తోందని వాళ్లమ్మ చెప్పింది. పిల్లలతో ఇలాంటి మాటలు పగలే మాట్లాడండి, పడుకోబెట్టే ముందు వద్దు.